అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయి ఇంటికొచ్చాడు, అప్పటి నుంచీ గదిలోంచి బయటికి రావడం లేదు. లోన్ యాప్‌లలో అప్పు చేశాడని తర్వాత తెలిసింది. ఒకరోజు "నేను లేకపోతే మీ అందరికీ బరువు తగ్గుతుంది" అన్నాడు. అమ్మ ఏడ్చింది, నాన్న తిట్టారు. మొన్న బండి తాళాలు మా బాబాయి కొడుకు చేతిలో పెట్టి "నాకింక దీంతో పనేముంది" అన్నాడట. ఈ వారం మాత్రం కాస్త కుదుటపడ్డట్టే ఉన్నాడు. సూటిగా అడుగుదామంటే, లేని ఆలోచన నేనే పెట్టినట్టవుతుందేమోనని భయం. సైకియాట్రిస్టు అంటే ఊళ్లో పిచ్చి అంటారని, రేపు సంబంధాలు రావని నాన్న ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక అక్క, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ఈ జవాబు మీకు మెయిల్‌లో ముందే పంపాను, పత్రిక వచ్చేదాకా ఆగే విషయం కాదు కాబట్టి.

అడగండి. ఈరోజే అడగండి. ఆ మాట ఎత్తితే లేని ఆలోచన పుడుతుందనేది మనందరికీ ఉన్న భయమే గానీ నిజం కాదు, ఈ రంగంలో పనిచేసేవాళ్లు అందరూ చెప్పేది ఒకటే, సూటిగా అడిగితే అవతలి మనిషికి ఊపిరి ఆడుతుంది, ఇన్నాళ్లూ ఒక్కడే మోస్తున్నది ఇంకొకరికి తెలిసిందని. "పిచ్చి పనులేమీ చేయవు కదా?" అని మాత్రం అడక్కండి, దానికి "లేదులే అక్కా" తప్ప వేరే జవాబు రాదు. "ఒరేయ్, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు? ఎలాగో కూడా అనుకున్నావా?" అని అడిగి, ఆ తర్వాత మాట్లాడకుండా వినండి. అవునంటే ఏడవొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, అమ్మానాన్నల పరువు గుర్తుచేయొద్దు. "ఎవరికీ చెప్పకు" అని అడుగుతాడు, ఆ మాట మాత్రం ఇవ్వకండి.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది వాడు అన్న మాట కంటే ఆ బండి తాళాలు. ఇష్టమైన వస్తువులు పంచేయడం, అంతవరకూ నలిగిపోయిన మనిషి ఉన్నట్టుండి తేలికపడటం, ఇవి రెండూ కలిసి కనిపిస్తే కుదుటపడ్డాడు అనుకోకూడదు, లోపల ఏదో తేల్చేసుకున్నాడేమో అని అనుమానించాలి. అందుకే ఈ కొద్దిరోజులు వాణ్ని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే వేరేవాళ్ల ఇంటికి పంపేయండి, మాత్రలు మీ దగ్గర తాళం వేసి పెట్టుకోండి. ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో ఎక్కువసేపు ఉండదు, అది దాటేలోపు చేతికి ఏదీ అందకపోతే మనిషి దక్కుతాడు. ఎప్పుడు, ఎలా అన్నది కూడా అనుకున్నానని చెబితే డాక్టర్ అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక 14416. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన హెల్ప్‌లైన్ ఇది, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఏమిటంటే, బాధలో ఉన్నవాళ్లే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. అంటే మీరు చేసి, "మా తమ్ముడు ఇలా ఉన్నాడు, రాత్రి వాడితో ఏం మాట్లాడాలి" అని అడగొచ్చు. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరం అనిపిస్తే సైకియాట్రిస్టుకు కలుపుతారు, లేదా దగ్గర్లో ఎక్కడ చూపించాలో చెబుతారు. ఒకసారి లైన్ దొరకలేదని వదిలేయకండి, ఇంకోసారి చేయండి, 1800 891 4416 కూడా వాళ్లదే.

నాన్నగారి సంగతి. ఆయన భయం ఉత్తిది కాదు, "ఎర్రగడ్డ కేసు" అని వెక్కిరించే ఊళ్లలోనే కదా మనం పెరిగింది. కానీ ఇప్పుడు ఎర్రగడ్డ దాకా వెళ్లాల్సిన పని కూడా చాలాసార్లు ఉండదు. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో, మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, చీటీ రాయించుకుని జ్వరానికి చూపించినట్టే చూపించుకుని వచ్చేయొచ్చు. వివరాలు బయటికి చెప్పకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. ఆయనతో "పిచ్చి" మీద వాదన పెట్టుకోకండి, "నిద్ర పట్టడం లేదు, తిండి తినడం లేదు, ఒకసారి చూపిద్దాం నాన్నా" అనండి, అది నిజమే కదా. సంబంధాల గురించి ఇప్పుడు చర్చే వద్దు, ముందు పిల్లాడు ఉండాలి.

మందులు రాస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి, డిప్రెషన్ మాత్రలు వారంలో పనిచేయవు, రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారాల్లో మీ తమ్ముణ్ని ఇంకాస్త కనిపెట్టుకుని ఉండాలి. బాగుంది కదా అని సొంతంగా ఆపొద్దు.

లోన్ యాప్‌ల బెదిరింపులను మాత్రం వాడి ఒక్కడి నెత్తిన వదలకండి, అసలు పోటు అక్కడే ఉండొచ్చు. ఫొటోలు మార్ఫ్ చేసి బంధువులకు పంపుతామనడం నేరం. మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టి 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. "అప్పు సంగతి మనం కలిసి చూద్దాం, నువ్వు ఫోన్ నాకివ్వు" అనే ఒక్క మాట, పది ధైర్యవచనాల కంటే వాడికి ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: మా బావమరిది పోయిన నెల ప్రాణం తీసుకోబోయాడు, దేవుడి దయవల్ల బతికాడు. పోలీసు కేసవుతుందని ఆస్పత్రికి తీసుకెళ్లడానికే ఇంట్లోవాళ్లు తటపటాయించారు. నిజంగా కేసుంటుందా?
– తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: శిక్ష భయం అక్కర్లేదు. ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి అని నేను పైన చెప్పిన చట్టమే 115వ సెక్షన్‌లో అంటోంది. ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత ఐపీసీ 309వ సెక్షన్, ఐపీసీ స్థానంలో 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలు లేదు. ఆస్పత్రివాళ్లు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాసి పోలీసులకు కబురు పెడతారు, అది మామూలు పద్ధతి, దాన్ని చూసి బెదరకండి. పోలీసులొచ్చేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఇంటికొచ్చేశాడు కదా అని మాత్రం ఊరుకోకండి, ఒకసారి ప్రయత్నించినవాళ్లకు డిశ్చార్జి తర్వాత వారాలే ఎక్కువ ప్రమాదం. గాయం మానింది సరే, సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారా?

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను, హాస్టల్. మార్కులు పడిపోయాయి. రాత్రుళ్లు చచ్చిపోవాలనిపిస్తుంది. ఫోన్ ఇవ్వరు, ఎవరికి చెప్పాలో తెలియదు.
– పేరు, ఊరు లేవు

జవాబు: నీకు మెయిల్ పంపే దారి లేదు, అందుకే ఇక్కడే రాస్తున్నా. ఈ రాత్రి పక్క మంచం మీద ఉన్న స్నేహితుడికో స్నేహితురాలికో చెప్పు, నిద్ర లేపి అయినా సరే. పొద్దున్నే వార్డెన్ దగ్గరికెళ్లి "ఒంట్లో బాగోలేదు, ఇంటికి ఫోన్ చేయాలి" అను, అది అబద్ధం కాదు. అమ్మతోనో నాన్నతోనో మార్కుల నుంచి మొదలుపెట్టకు, మొదటి మాటే "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, వచ్చి తీసుకెళ్లండి" అని ఉండాలి. ఆ మాట విన్నాక రాని అమ్మానాన్నలు తక్కువ. వాళ్లు తేలిగ్గా తీసుకుంటే, నీకు నచ్చిన లెక్చరర్‌కు చెప్పు. ఏ ఫోన్ దొరికినా 14416 పనిచేస్తుంది, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు 1098 కూడా ఉంది.

కాలేజీవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకూ ఒక మాట. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది, వందమంది, అంతకుమించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది. మీ దగ్గర ఉన్నారా? ఉంటే ఏ గదిలో కూర్చుంటారో పిల్లలకు తెలుసా?

నీ సంగతికొస్తే, ఫస్టియర్ పోతే సప్లిమెంటరీ ఉంది, అదీ కాకపోతే ఏడాది ఆగి రాయొచ్చు, ఆ లెక్కలన్నీ ఇంటికెళ్లాక. ముందు పక్క మంచం వాళ్లను లేపు.