జామ్ కుకీల్లో జామ్ పొంగి కారిపోతోంది, ఎందుకు?

మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ పొంగి ట్రేకి అంటుకుంటోంది, కుకీ మధ్య గుంటలో మిగిలినది చల్లారాక పళ్లకు అతుక్కుంటోంది అని అడిగారు. రెండింటికీ కారణం ఒకటే: పచ్చి పిండిలోనే జామ్ పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఓవెన్‌లో ఉంచేయడం. జామ్ అంటేనే దాదాపు 105 డిగ్రీల దాకా ఉడికి దగ్గరపడిన పాకం. పావుగంట పాటు మళ్లీ ఉడికితే ముదురు పాకమే అవుతుంది. అందుకే సగం కాలాక నింపాలి.

20 కుకీలకు ఉప్పు లేని వెన్న 100 గ్రాములు, పొడి చేసిన పంచదార 50, మైదా 150, కార్న్‌ఫ్లోర్ ఒక టేబుల్ స్పూను, వెనిలా ఎసెన్స్ అర టీస్పూను. ఉన్నది ఉప్పు వెన్నే అయితే విడిగా ఉప్పు వేయకండి. బేకింగ్ పౌడర్, సోడా అసలు వద్దు, పిండి పొంగి గుంట పూడిపోతుంది.

వెన్న వేలితో నొక్కితే దిగాలి, కానీ మెరుస్తూ కారకూడదు. ఎండాకాలంలో మన వంటిళ్లలో ఫ్రిజ్‌లోంచి తీశాక పది నిమిషాలు చాలు, ఆ తర్వాత అది నూనే. కరిగిన వెన్నతో చేసినవి ట్రే మీద అప్పడాల్లా పరుచుకుంటాయి. వెన్న, పంచదార, ఎసెన్స్ నున్నగా కలిస్తే చాలు, నురగ వచ్చేలా గిలకొట్టొద్దు. జల్లించిన మైదా, కార్న్‌ఫ్లోర్ వేసి వేళ్లతో దగ్గరకు తీయండి, చపాతీ పిండిలా పిసికితే గట్టిపడతాయి. మరీ పొడిపొడిగా ఉంటే ఒక టీస్పూను పాలు.

15 గ్రాముల ఉండలు చేసి, అర టీస్పూను కొలత చెంచా వీపుతో గుంట చేయండి. బొటనవేలి కంటే ఇదే నయం, గుంటలన్నీ ఒకే లోతు వస్తాయి. అడుగున అర సెంటీమీటరు పిండి మిగలాలి. గుంట చేశాకే ఫ్రిజ్‌లో అరగంట పెట్టండి. ముందు ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత నొక్కితే అంచులు పగులుతాయి, జామ్ కారేది ఆ పగుళ్లలోంచే. చిన్న చీలిక కనిపించినా వేలితో రాసి మూసేయండి.

ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 170 డిగ్రీలకు వేడి చేసి, మధ్య అరలో 10 నిమిషాలు కాల్చండి. బయటికి తీస్తే గుంటలు కాస్త ఉబ్బి ఉంటాయి, అదే చెంచాతో మెల్లగా మళ్లీ నొక్కి, ముప్పాతిక వంతు మించకుండా జామ్ నింపండి. ఇంకో 5-6 నిమిషాలు. అడుగు లేత బంగారు రంగుకు వస్తే తీసేయాలి. ముట్టుకుంటే మెత్తగా ఉన్నాయని మళ్లీ పెట్టేస్తారు చాలామంది, వద్దు. ట్రే మీదే పది నిమిషాలు వదిలితే గట్టిపడతాయి.

జామ్ పల్చగా ఉంటే ముందే చిన్న గిన్నెలో మరిగించండి, చల్లటి పళ్లెం మీద వేసిన చుక్క జారకుండా నిలవాలి. పంచదార తక్కువ అని అమ్మే జామ్‌లలో నీరెక్కువ, వాటికి ఈ పని తప్పదు. జామపండు జామ్ దొరికితే మంచిది, జామ్‌ను బిగించే పెక్టిన్ అనే పదార్థం అందులో ఎక్కువ కాబట్టి బాగా గడ్డకడుతుంది.

జామ్ తేమకు కుకీలు మూడు రోజుల్లో మెత్తబడతాయి. ముందుగా చేసి పెట్టుకోవాలంటే ఖాళీ గుంటలతోనే 15 నిమిషాలు పూర్తిగా కాల్చి డబ్బాలో దాచండి, వడ్డించే రోజు వేడి జామ్ పోసి ఆరనివ్వండి.