నాన్నని డకోటా ఎక్కించాలా?

ప్రశ్న: మేము అమెరికాలో, ఆస్టిన్‌లో ఉంటాం. నాన్నకి 78 ఏళ్లు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేశారు. ఎక్కువ కాలం అస్సాంలోని జోర్హాట్‌లో డకోటాల (రెండో ప్రపంచ యుద్ధం నాటి రవాణా విమానాల) మీదే ఉన్నారు. బయటికొచ్చాక బ్యాంకులో చేరి విజయవాడలో స్థిరపడ్డారు. త్వరలో అమ్మా నాన్నా మా దగ్గరికి వస్తున్నారు. ఇక్కడికి దగ్గర్లో శాన్ మార్కోస్‌లో ఇప్పటికీ ఎగిరే డకోటా ఉంది, డబ్బు కడితే ఎక్కించుకుంటారు. నాన్నకి చెప్పకుండా టికెట్ తీద్దామనుకున్నాను. విజయవాడలోనే ఉండే అక్కకి చెబితే ప్రమాదాల వీడియోలు పంపి, ‘స్టెంట్ వేసిన మనిషితో నీకు సరదాలా’ అని దులిపేసింది. నాన్న దగ్గర మాటవరసకి కదిపితే ‘ఎందుకురా, డబ్బు దండగ’ అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: తప్పేం లేదు. కాకపోతే టికెట్ ఇప్పుడే తీయకండి.

అక్కగారు పంపిన వీడియోలు ఏవో ఊహించగలను. మీ ఊరికి దగ్గరే ఉన్న బర్నెట్‌లో 2018 జులైలో ఒక డకోటా పైకి లేవబోతూ అదుపు తప్పి కాలిపోయింది. అందులో ఉన్న 13 మందీ బతికారు, కొందరికి గాయాలయ్యాయి. 2022 నవంబరులో డాలస్‌లో రెండు పాత యుద్ధ విమానాలు ఢీకొని ఆరుగురు పోయారు. అది ప్రదర్శనలో జరిగింది, డబ్బు కట్టి ఎక్కినవాళ్లు అప్పుడు వాటిలో లేరు. ఆమె పంపారో లేదో గానీ, మీరు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. 2019 అక్టోబరులో కనెక్టికట్‌లో డబ్బు కట్టి ఎక్కినవాళ్లతో బయల్దేరిన బి-17 బాంబర్ కూలి ఏడుగురు చనిపోయారు. ఇలాంటి విమానాలకు ఎయిర్‌లైన్స్‌కి ఉన్నంత కట్టుదిట్టమైన నిబంధనలు ఉండవు. ప్రమాదం తెలిసే ఎక్కుతున్నామని సంతకం పెట్టాలి. కాబట్టి అక్కయ్య భయాన్ని ‘ఊరికే కంగారు’ అని కొట్టిపారేయకండి.

ఆ సంతకం ఎవరు పెట్టాలి మరి? మీ నాన్నగారు ఫారం 700లో (విమానం ఎగరడానికి సిద్ధమని రాసే రికార్డులో) సంతకం పెడితేనే విమానం గాల్లోకి లేచిన రోజులున్నాయి. ఏ ఇంజన్‌ని నమ్మొచ్చో దేన్ని నమ్మకూడదో మీ ఇద్దరికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. అలాంటి మనిషి గురించి ఆస్టిన్ నుంచి మీరూ విజయవాడ నుంచి ఆమే వాట్సాప్‌లో తేల్చేస్తున్నారు. చెప్పకుండా తీసుకెళ్లి ఆశ్చర్యపరచడం పదేళ్ల పిల్లాడికి బాగుంటుంది. అక్కడిదాకా వెళ్లాక నలుగురిలో ‘నేనెక్కను’ అనాలంటే ఈయనకి మొహమాటం.

‘డబ్బు దండగ’ అన్నది డబ్బు గురించే కాకపోవచ్చు. నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) కొండల్లోని సైనిక పోస్టులకి బియ్యం, ఉప్పు జారవిడవడానికి వెళ్లిన డకోటాలు అన్నీ తిరిగి రాలేదు. పొద్దున తాను సరిచూసి పంపిన విమానం కోసం సాయంత్రం దాకా ఎదురుచూసిన ఫిట్టర్‌కి ఆ చప్పుడు వినాలని ఉంటుందో లేదో మనమెవరం చెప్పడానికి? నిజంగానే పొదుపు మనిషీ కావచ్చు. అడిగితేనే తెలుస్తుంది. ‘ఎక్కుతారా’ అని మొదలుపెట్టకండి. ‘జోర్హాట్‌లో పొద్దున డ్యూటీకి వెళ్లగానే ముందేం చేసేవారు?’ అని అడగండి. స్టార్ట్ చేసేముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పడం దగ్గర మొదలెడతారేమో, కింది సిలిండర్లలో ఆయిల్ దిగి ఉంటుందిగా. అమ్మగారు పక్కనుండగా అడగండి. క్వార్టర్స్‌లో పిల్లల్ని పెట్టుకుని ఎదురుచూసింది ఆవిడే. ఆవిడ మౌనాన్ని సరే అన్నట్టు లెక్కేసుకోవద్దు.

ఆయన మొగ్గితే ముందు డాక్టరుని అడగండి. స్టెంట్ ఎప్పుడు వేశారు, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అన్నవి డాక్టరు చూడాల్సినవి. నేనైతే మోకాళ్ల గురించి ఇంకా గట్టిగా అడుగుతాను. డకోటా తోక చక్రం మీద ఆని, ముక్కు పైకెత్తి నిలబడుతుంది. లోపల సీటుదాకా ఏటవాలుగా ఎక్కాలి. బర్నెట్‌లో వాళ్లు బతికింది మంటలు ముదరకముందే బయటపడ్డారు కాబట్టి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గబగబా దిగగలరా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష. దిగలేరంటే నేను వద్దనే అంటాను, ఆయన ఉబలాటపడుతున్నా సరే. టెక్సస్ ఎండల్లో మధ్యాహ్నం ఎక్కించకండి, ఉదయం తీసుకెళ్లండి. విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీ కూడా తెరిచి చూడండి. మామూలు ఎయిర్‌లైన్ ప్రయాణానికి తప్ప వేరే విమానాలకు వర్తించదని చాలావాటిలో రాసి ఉంటుంది.

ఎక్కనంటే విమానం దగ్గరికి తీసుకెళ్లడానికి అభ్యంతరమేముంది? శాన్ మార్కోస్‌లో ఉన్నది 1944 జూన్ 6న నార్మండీకి పారాట్రూపర్లను తీసుకెళ్లిన డకోటాలకు ముందు నడిచింది. దాన్ని చూసుకునేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లు. ముందుగా ఫోన్ చేసి, మా నాన్న ఇండియాలో ఈ ఇంజన్ల మీదే పనిచేశారని చెప్పండి. ఇంజన్ కవర్ తీసి ఉన్న రోజు దొరికితే గాల్లో గడిపే కాసేపటికన్నా అదే ఆయనకి నచ్చొచ్చు. ఫిట్టర్లు ఇంజన్ పక్కన నిలబడి బతికినవాళ్లు, సీట్లో కూర్చుని కాదు.

ఇక అక్కగారు. స్టెంట్ వేసిన రాత్రి హాస్పిటల్ బెంచీ మీద ఎవరున్నారో మీరు రాయలేదు. ఆమేనని నా అనుమానం. అలాంటి మనిషికి మీ విమానం టికెట్, కష్టం తనకి వదిలేసి ముచ్చట మీరు ఉంచుకున్నట్టు కనిపిస్తుంది. వీడియోలకి జవాబుగా ఇంకో వీడియో పంపకండి. ఫోన్ చేసి, నాన్న మందులు, చెకప్‌లు, బిల్లులు వీటిలో మీరు అక్కణ్నుంచే మోయగలిగినవి ఏవో అడిగి తీసుకోండి. విమానం మాట ఆ రోజు ఎత్తొద్దు. నాన్నగారు ఏదో ఒకటి తేల్చాక ఆయన చేతే ఆమెకి చెప్పించండి.