ఒప్పుకున్నాడు సరే, ఆ తర్వాత?

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 36 ఏళ్లు, పెళ్లయి 13 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. మా ఆయనకు డ్రిప్పు పైపులు, మోటార్ల షాపు ఉంది. సరుకు కోసం నెలకు రెండు మూడుసార్లు బెంగళూరు వెళ్తారు. అక్కడ ఒకామెతో ఏడాదిన్నరగా సంబంధం ఉందని నాలుగు నెలల కిందట ఫోన్‌పే లెక్కలు చూస్తే బయటపడింది. మొదట కాదన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. ఆపేశానంటున్నారు. కానీ ఫోన్ చూపించరు, బెంగళూరు వెళ్లడం తగ్గలేదు. అడిగితే 'ఒప్పుకున్నా కదా, ఇంకెన్నాళ్లు సాగదీస్తావ్? నీకేం తక్కువ చేశాను, తిండికా, గుడ్డకా?' అంటారు. 'మగోడన్నాక అలాంటివి ఉంటాయి, నువ్వే సరిగ్గా చూసుకోవాల' అంటుంది మా అత్త. షాపు పెట్టేటప్పుడు నా పెళ్లి నగలు బ్యాంకులో కుదువ పెట్టారు, ఇంతవరకు విడిపించలేదు. కల్యాణదుర్గంలో ఉన్న మా నాన్న సర్దుకోమంటున్నారు. తమ్ముడేమో కేసు పెట్టి జైల్లో వేయిద్దామంటున్నాడు. 13 ఏళ్లు ఈ సంసారానికే పెట్టాను. నిలబెట్టుకోవాలా, వదిలేయాలా? నేనే అతి చేస్తున్నానా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు అతి చేయడం లేదు. ఏడాదిన్నర పాటు జరిగిన మోసాన్ని నాలుగు నెలల్లో మరిచిపొమ్మనేవాళ్లు తమ ప్రశాంతత చూసుకుంటున్నారే తప్ప మీ గురించి ఆలోచించడం లేదు. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, అడిగిందే అడుగుతారు. అర్ధరాత్రి లేచి కూర్చుంటారు, తిండి సయించదు, పాత తేదీలన్నీ తవ్వుకుని 'ఆ పండగ రోజు నాతో నవ్వుతూ ఉన్నది కూడా అబద్ధమేనా' అని బాధపడతారు. అది సాగదీయడం కాదు. తను నమ్మిన జీవితంలో ఏది నిజమో ఏది కాదో తెలిస్తే గానీ మనసు కుదుటపడదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది బెంగళూరు సంబంధం కూడా కాదు, 'నీకేం తక్కువ చేశాను' అన్న మాట. దారి తప్పి, సిగ్గుపడి, వెనక్కి వచ్చి మళ్లీ మంచి భర్తలైనవాళ్లు ఉన్నారు. ఆ కాపురాలు నిలబడ్డాయి. కానీ మీ ఆయన మాటలో సిగ్గు లేదు, లెక్క ఉంది. తిండి పెడుతున్నాను, బట్టలు కొంటున్నాను, కాబట్టి మిగతాది నా ఇష్టం అనే లెక్క. ఆ లెక్కలో మీ వంట, పిల్లల చదువులు, అత్తగారి మందులు, షాపులో పెట్టుబడిగా మారిన మీ నగలు ఎక్కడా కనిపించవు. తప్పు చేశానన్న మనిషితో బతకడం కుదురుతుంది. తప్పు చేసే హక్కు తనకుందని నమ్మే మనిషి ఈమెను వదిలేసినా ఆ నమ్మకాన్ని వదలడు. అందుకే సంబంధం ఆగిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో మీరు నిర్ణయం తీసుకోకండి. ఆయనలో ఆ లెక్క మారుతుందా లేదా అన్నది చూడండి.

అది ఎలా తెలుస్తుందంటే, ఆయన ఏం చెబుతున్నారో పక్కనపెట్టి, తన సుఖంలో ఏం వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నారో గమనించండి. పిల్లలు లేని సమయం చూసి, కోపం లేనప్పుడు, ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. 'నేను ఈ ఇంట్లో ఉండాలంటే నాకు కొన్ని కావాలి. ఆమెతో మాటలు పూర్తిగా ఆగిపోవాలి, ఆ సంగతి నా ముందే ఆమెకు చెప్పాలి. కొన్నాళ్లు సరుకు లారీలో వేయించుకోండి, లేదా షాపులో కుర్రాణ్ణి పంపండి. డబ్బు లెక్కలు నాకు కనపడాలి. నేను అడిగినప్పుడు విసుక్కోకుండా నిజం చెప్పాలి. మీ అమ్మ నన్ను తప్పు పట్టినప్పుడు, తప్పు నాదేనమ్మా అని మీరే చెప్పాలి.' ఈ చివరిది చాలామంది అడగరు, అన్నిటికంటే కష్టమైనది అదే. మీ దగ్గర ఒప్పుకోవడానికి నాలుగు గోడల చాటు ఉంది. తల్లి ముందు ఒప్పుకోవాలంటే పరువు వదులుకోవాలి.

దీనికి మీ మనసులో ఒక గడువు పెట్టుకోండి. పిల్లల వేసవి సెలవులు అయ్యేదాకా అనుకోండి. ఆ లోపల ఆయన విసుగు తగ్గి ఓపిక పెరుగుతోందా, మీరు అడగకముందే చెబుతున్నారా? అలాగైతే ఈ కాపురానికి ఆశ ఉంది. ఇద్దరూ కలిసి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడానికి అదే సరైన సమయం. ప్రతి షరతుకూ బేరమాడుతూ, పది రోజులు బాగుండి పదకొండో రోజు 'ఇంక చాలు' అంటుంటే మీకు జవాబు వచ్చేసినట్టే. ఈలోగా రోజూ రాత్రి దొంగచాటుగా ఫోన్ వెతకడం మాత్రం మానుకోండి. ఆయన్ని కాపలా కాయడం మీ పని కాదు, దానివల్ల మీ నిద్రే పోతుంది. ఫోన్ చూపించాల్సిన బాధ్యత ఆయనది. ఆ బెంగళూరు ఆమెకు ఫోన్ చేసి తిట్టడం కూడా వద్దు. మీకు మాట ఇచ్చింది ఆమె కాదు.

'13 ఏళ్లు పెట్టాను' అన్నారు. మన జిల్లాలో బోర్లు వేయించిన రైతుల్ని చూసే ఉంటారు. నీళ్లు పడవని తెలుస్తున్నా, ఇంత ఖర్చు పెట్టాం కదా అని ఇంకో వంద అడుగులు దించుతారు. గడిచిన 13 ఏళ్లు ఎలాగూ గడిచిపోయాయి. మీరు ఉన్నా, వెళ్లినా ఆ ఏళ్లలోని మంచి మీదే. ఇప్పుడు తేల్చుకోవాల్సింది రాబోయే ఏళ్ల గురించి.

పిల్లల కోసమే ఉండిపోవాలనీ లేదు, వాళ్ల కోసమే వెళ్లిపోవాలనీ లేదు. ఇంట్లో మాటలు ఆగిపోయాయని వాళ్లకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. వివరాలు చెప్పకండి. 'అమ్మకూ నాన్నకూ మధ్య గొడవ ఉంది, అది మీ వల్ల కాదు' అని మాత్రం చెప్పండి. వాళ్ల చేత నాన్నను నిలదీయించకండి.

ఇక మీ తమ్ముడి కోపం నాకు అర్థమవుతుంది, కానీ జైలు మాట కుదరదు. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. అది ఉన్నప్పుడు కూడా భర్త మీద భార్య కేసు పెట్టే వీలు లేదు. ఆ రెండో స్త్రీ భర్తకే ఫిర్యాదు హక్కు ఉండేది, అదీ మగవాడి మీద. ఆడదాన్ని భర్త సొత్తుగా చూసిన చట్టం అది, పోవడమే మంచిదైంది. అయితే విడాకులకు ఇది ఇప్పటికీ బలమైన కారణమే. మీకు 1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తిస్తుందనుకుని చెబుతున్నాను, అందులో 13వ సెక్షన్ కింద అడగవచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే 13బి కింద పరస్పర అంగీకారంతో విడిపోవచ్చు. దానికి కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. ఇంకో సంగతి. అన్నీ తెలిశాక కూడా మీరు మన్నించి మామూలుగా కాపురం చేశారని కోర్టు భావిస్తే, ఆ పాత తప్పు చూపించి విడాకులు అడగడం కష్టమవుతుంది. అందుకే గడువు నడుస్తుండగానే ఒకసారి వకీలును కలవండి. కలిసినంత మాత్రాన విడాకులకు సిద్ధపడినట్టు కాదు. జిల్లా కోర్టు దగ్గరుండే న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇల్లు మీ పేరు మీద లేకపోయినా, మీరు కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు 2005 గృహహింస చట్టం మీకు ఇచ్చింది. కోర్టు ద్వారా తప్ప మిమ్మల్ని గడప దాటించడానికి లేదు. కాబట్టి కోపంలో మీరే పెట్టె సర్దుకుని కల్యాణదుర్గం బస్సెక్కకండి. అయితే ఆయన చెయ్యి చేసుకుంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు, పిల్లల్ని తీసుకుని బయటపడి 181కి ఫోన్ చేయండి. విడిగా ఉండాల్సి వస్తే మీకూ పిల్లలకూ మనోవర్తి అడిగే హక్కు ఉంది.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా ఇది చెప్పకుండా ఉండలేను. ఏడాదిన్నర సంబంధం అంటే మీ ఆరోగ్యం కూడా చూసుకోవాలి. సర్వజన ఆసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే కౌన్సెలింగ్ ఇచ్చి పరీక్ష చేసే కేంద్రంలో, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. మిగతా సుఖవ్యాధుల పరీక్షల గురించి అక్కడి డాక్టరునే అడగండి. ఆయన్ని కూడా చేయించుకోమనండి. ఆ ఫలితాలు చూసేదాకా దగ్గరికి రానివ్వకండి. దీనికి ఆయన కోప్పడితే, ఆ కోపం కూడా మీరు గమనించాల్సిన జవాబే.

మీ నాన్నగారు సర్దుకోమంటున్నది మీ మీద ప్రేమ లేక కాదనుకుంటాను. కూతురు ఇంటికి తిరిగొస్తే నలుగురూ ఏమంటారోనన్న భయం, తన తర్వాత ఎవరు చూస్తారన్న భయం. ఆయనతో విడాకుల గురించి వాదించకండి. 'నాన్నా, రేపు నేను పిల్లలతో వస్తే ఒక గది ఇస్తావా?' అని అడగండి. అవునంటే మీ నిర్ణయం భయంతో తీసుకున్నది కాకుండా ఉంటుంది. రెండు వైపులా పెద్దమనుషుల్ని పిలిచి పంచాయితీ పెడదామని ఎవరైనా అంటే, మీరు లోపలి గదిలో కూర్చోకండి. మీ మాట మీరే చెప్పండి. స్టాంపు పేపరు మీద ఏం రాసినా వకీలుకు చూపించకుండా సంతకం పెట్టొద్దు.

అన్నిటికంటే ముందు ఈ వారంలోనే నగల సంగతి చూడండి. పెళ్లికి మీకు పెట్టిన బంగారం స్త్రీధనం, అది పూర్తిగా మీ సొత్తు. భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. లోను ఎవరి పేరు మీద ఉందో, ఎంత కట్టాల్సి ఉందో కనుక్కోండి. వడ్డీ కట్టకపోతే వేలానికి వెళ్తుంది. బ్యాంకు రసీదు, నగలతో ఉన్న పెళ్లి ఫోటోలు, ఆ ఫోన్‌పే లెక్కల కాపీలు తీసి మీ తమ్ముడి దగ్గర ఉంచండి. మీ పేరు మీద, ఆయనకు సంబంధం లేని ఒక ఖాతా తెరవండి. విడిపించే తేదీ ఒకటి చెప్పమని మీ ఆయన్ని అడగండి.