డబ్బు కట్టి లీడ్లు కొంటే గిట్టుబాటవుతుందా?

ఈసారి ఇళ్ల ఏజెంట్ల నుంచి వచ్చిన ఉత్తరాలే ఎక్కువ, అడిగింది కూడా దాదాపు ఒకటే: లీడ్లు, అంటే ఇల్లు వెతికేవాళ్ల ఫోన్ నంబర్లు, డబ్బిచ్చి కొనుక్కోవచ్చా అని. మూడింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నేను నిజాంపేట, బాచుపల్లి వైపు అద్దె ఇళ్లు, రీసేల్ ఫ్లాట్లు చూపిస్తుంటాను. ఒక వెబ్‌సైట్ వాళ్ల దగ్గర మూడు నెలల లీడ్ల ప్యాకేజీ తీసుకున్నా. 30 వేలు, జీఎస్టీతో కలిపి 35,400 అయింది. 40 నంబర్లు ఇచ్చారు. సగం మంది ఫోనే ఎత్తలేదు, ఎత్తినవాళ్లలో చాలామంది ‘ఊరికే చూశామండీ’ అన్నారు. చివరికి ఒక్క అద్దె ఇల్లు కుదిరింది, నెల అద్దె 22 వేలు కమీషన్ వచ్చింది. ఇప్పుడు అదే కంపెనీ నుంచి ఫోన్ చేసి, 60 వేల ప్యాకేజీ అయితే గ్యారంటీ లీడ్లు అంటున్నారు. తీసుకోమంటారా?
– ఒక ఏజెంట్, హైదరాబాద్

జవాబు: ఇప్పుడైతే కట్టకండి. ముందు మీ లెక్కే చూద్దాం. ఒక్కో నంబరుకు 885 రూపాయలు పడింది, పెట్రోలు, తిరుగుడు పక్కన పెట్టినా 13,400 చేతి నుంచి పోయింది. మీ వార్షిక ఆదాయం 20 లక్షలు దాటక జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ 5,400 పన్ను కూడా తిరిగి రాదు, అది ఖర్చు కిందే రాసుకోవాలి.

అసలు సంగతేమిటంటే ఇలాంటి ప్యాకేజీల్లో ఒకే పార్టీ నంబరు చాలాసార్లు మీతోపాటు ఇంకో నలుగురికీ వెళ్తుంది. మీకు అనుమానంగా ఉంటే ఈసారి ఫోన్ ఎత్తినవాళ్లను ‘ఇంతకుముందు ఎవరైనా ఫోన్ చేశారా అండీ’ అని అడిగి చూడండి, విసుక్కుంటూనే అయినా చెప్పేస్తారు. అలాంటి చోట మొదట ఫోన్ చేసినవాడికే పార్టీ దొరుకుతుంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఇళ్లు వెతికేది ఎక్కువగా రాత్రి భోజనాలయ్యాక. తొమ్మిదిన్నరకు వచ్చిన నంబరుకు మీరు మర్నాడు పదకొండింటికి టీ తాగి ఫోన్ చేస్తే ఆ పార్టీ అప్పటికే ఇంకొకరితో సైట్ విజిట్ మాట్లాడుకుని ఉంటుంది. ఫోన్ ఎత్తని ఆ సగం మందిలో కొంతమంది సంగతి ఇదే అయ్యుండొచ్చు. అంటే తప్పంతా నంబర్లదే అనుకోకండి, కానీ కంపెనీ వాళ్లు ఈ మాట అమ్మేముందు చెప్పరు.

ఇంకొకటి, అద్దె ఇళ్లకు లీడ్లు కొనడం నా ఉద్దేశంలో దండగ. ఆన్‌లైన్‌లో అద్దె ఇల్లు వెతికేవాళ్లలో ఎక్కువమంది అసలు కమీషన్ తప్పించుకోవాలనే వెతుకుతారు. నోబ్రోకర్ లాంటి సైటు పేరులోనే ఆ సంగతి ఉంది, మిగతా పెద్ద సైట్లలోనూ ఓనర్లు నేరుగా ప్రకటన పెట్టుకోవచ్చు. మీరు ఫోన్ చేయగానే ‘మీరు ఓనరా, బ్రోకరా’ అనేది మొదటి ప్రశ్న, బ్రోకర్ అనగానే కట్. అదే డబ్బులో కొంత తీసి మీ ఏరియా వాచ్‌మన్లకు ఇవ్వండి. ఫలానా ఫ్లాట్ వాళ్లు వచ్చే నెల ఖాళీ చేస్తున్నారనే కబురు టూలెట్ బోర్డు వేలాడకముందే తెలిసేది వాళ్లకే, ఇల్లు కుదిరాక చేతిలో పెట్టే వెయ్యో రెండు వేలో మీకు ముందుగా కట్టిన డబ్బు కాదు కదా.

రీసేల్ సంగతి వేరు. 70 లక్షల ఫ్లాట్‌కు ఒక శాతం అనుకుంటే 70 వేలు. మూడు నెలలకు ఒక్కటి రిజిస్ట్రేషన్ దాకా వెళ్లినా 35 వేలు పెట్టడం గిట్టుతుంది. కానీ దానికి మీ దగ్గర సరుకు ఉండాలి: ఓనర్ తాళం మీకిచ్చిన ఫ్లాట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) చూసుకున్నవి, సొంతంగా తీసిన ఫోటోలు. పార్టీ ‘ఆ మూడో అంతస్తుది ఇవ్వాళ చూడొచ్చా’ అంటే చూపించగలగాలి. ‘అది అయిపోయిందండీ, వేరేది ఉంది’ అన్నారా, ఆ లీడ్ అక్కడితో సరి.

కొత్త ప్రాజెక్టుల లీడ్లయితే ఇంకా జాగ్రత్త. మీరు డబ్బు పెట్టి తెచ్చిన పార్టీని సైట్‌కు తీసుకెళ్తే, బిల్డర్ సేల్స్ వాళ్లు కంప్యూటర్ చూసి ‘ఈ నంబరు మా డేటాలో ముందే ఉంది’ అంటారు, కమీషన్ గోవింద. సైట్ విజిట్‌కు ముందే పార్టీ పేరు, నంబరు మెయిల్‌లో పంపి, మీ పేరు మీద నమోదైందని జవాబు తెప్పించుకోండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకముందే అమ్మే ప్రీలాంచ్‌ల జోలికైతే పోనే వద్దు. రెరా చట్టం ప్రకారం ఏజెంట్‌గా మీకు రిజిస్ట్రేషన్ ఉండాలి, రిజిస్టర్ చేయాల్సిన ప్రాజెక్టు రిజిస్టర్ కాకుండా అమ్మిపెట్టకూడదు. తప్పితే రోజుకు 10 వేల చొప్పున, ఆ ఆస్తి ధరలో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు.

ఇక ఆ గ్యారంటీ మాట. దేనికి గ్యారంటీ అని అడగండి. వాళ్లు లెక్కపెట్టేది నంబర్లను, మీకు కావలసింది కొనేవాళ్లు. నంబరు ఎంతమందికి ఇస్తారు, పనిచేయని నంబరుకు బదులు ఇంకోటి ఇస్తారా, మీరు అడిగిన ఏరియా, బడ్జెట్ దాటితే లెక్కలోకి వస్తుందా, మధ్యలో ఆపితే డబ్బు వెనక్కొస్తుందా, ఇవన్నీ మెయిల్‌లో రాసి పంపమనండి. పంపితే ఒక్క నెలకు, ఒక్క ఏరియాకు, రీసేల్‌కు మాత్రమే తీసుకుని చూడండి. ‘ఆఫర్ ఈరోజే’ అంటే నెలాఖరు టార్గెట్ టెన్షన్ వాళ్లది, మీది కాదు.

ప్రశ్న: డాలస్ దగ్గర కొత్తగా రియల్టర్ లైసెన్స్ తీసుకున్నాను. ఒక ఆన్‌లైన్ సర్వీస్ ముందు ఏమీ కట్టక్కర్లేదు, ఇల్లు క్లోజ్ అయ్యాక మాత్రం కమీషన్‌లో 35 శాతం ఇవ్వాలంటోంది. ఇది మేలు కదా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: పార్టీలే లేని కొత్తలో మేలేనమ్మా, అయితే చేతికి వచ్చేదెంతో చూసుకోండి. 5 లక్షల డాలర్ల ఇంటికి 2.5 శాతం అంటే 12,500. అందులో వాళ్లకు 4,375 పోతే 8,125 మిగులుతుంది, మీరు ఎవరి కింద పనిచేస్తారో ఆ బ్రోకర్ వాటా 20 శాతం అనుకుంటే చివరికి 6,500, అదీ పన్నులకు ముందు. మామూలుగా ఒక ఏజెంట్ ఇంకో ఏజెంట్‌కు పార్టీని పంపితే తీసుకునే రెఫరల్ వాటా 25 శాతం దగ్గర ఉంటుంది, పెద్ద సైట్లు కొన్ని మార్కెట్లలో 40 దాకా తీసుకుంటాయి కాబట్టి 35 వింతేమీ కాదు.

నేనైతే శాతం కంటే కాంట్రాక్టులో ఆ పార్టీ రెండేళ్ల తర్వాత అమ్మినా, ఇంకోటి కొన్నా వాళ్లకు వాటా ఇవ్వాలన్న షరతు ఉందేమో చూస్తాను. ఉంటే తీయించండి, లేదా గడువు తగ్గించమనండి. 2024 ఆగస్టు నుంచి ఎంఎల్ఎస్‌లో (ఏజెంట్లందరూ వాడే అమ్మకపు ఇళ్ల ఉమ్మడి జాబితా) పనిచేసే ఏజెంట్లు ఇల్లు చూపించకముందే కొనేవాళ్లతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, మీ కమీషన్ ఎంతో అందులోనే రాయాలి. సైటు పంపిన కొత్త మనిషి మొదటి ఫోన్‌లోనే సంతకం అంటే బెదురుతాడు, ఆ మాట నెమ్మదిగా చెప్పడం ముందే సాధన చేయండి.

గుడిలోనో, మన సంఘం పిక్నిక్‌లోనో కలిసినవాళ్లు చెప్పి పంపే పార్టీలకు ఈ 35 శాతం గొడవ లేదు. కాకపోతే లైసెన్స్ లేని స్నేహితురాలు పార్టీని పంపిందని నగదు ఇవ్వకండి, టెక్సస్ నిబంధనల్లో 50 డాలర్లకు మించని వస్తువు బహుమతిగా ఇవ్వొచ్చు, అంతే.

ప్రశ్న: వాట్సాప్‌లో ఒకతను గచ్చిబౌలి ఐటీ ఉద్యోగుల నంబర్లు 10 వేలు, ఎక్సెల్ ఫైల్ 2 వేలకే ఇస్తానంటున్నాడు. ప్లాట్లకు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి

జవాబు: వద్దు. వాళ్లెవరూ మిమ్మల్ని ఫోన్ చేయమని అడగలేదు. సొంత నంబరు నుంచి అలా అడగనివాళ్లకు వరసగా ఫోన్లు చేసుకుంటూ పోతే, 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సవరించిన నిబంధనల ప్రకారం పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వచ్చినా చర్య మొదలవుతుంది. ముదిరితే మీ పేరు మీదున్న కనెక్షన్లు కోసేసి ఏడాది పాటు బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చు. మీ వెంచర్ బోర్డుల మీద, కార్డుల మీద, పాత పార్టీల ఫోన్లలో ఉన్నది ఆ ఒక్క నంబరే కదండీ.