షేర్ ఆటో దారి ఫోన్‌కు ఎందుకు తెలియదు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. నల్లగొండలో పీజీ చదువుతున్నాను. ఆర్టీసీ బస్సు ఎక్కడుందో ‘గమ్యం’ యాప్‌లో చూసుకుంటాను. బస్టాండ్‌లో దిగాక మాత్రం ఏ షేర్ ఆటో ఎటు పోతుందో ఫోన్ చెప్పదు. కొత్తలో వేరే దారి ఆటో ఎక్కి, పరీక్షకు ఆలస్యమై చాలా టెన్షన్ పడ్డాను. ఆటోల సంగతి ఫోన్‌లో ఎందుకుండదు?
- ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: అమ్మా, నేను బస్టాండ్ కంట్రోలర్‌గా రిటైరైనవాణ్ని. మైకులో బస్సుల పేర్లు చదువుతుంటే, ‘సారూ, పెద్ద దవఖానకు ఆటో యాడ ఆగుతది?’ అని రోజూ ఎవరో ఒకరు కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లు. నీ కష్టం నాకు బాగా తెలుసు.

‘గమ్యం’ 2023 ఆగస్టులో వచ్చింది. బస్సు ఎక్కడుందో దానిలోని జీపీఎస్ పంపుతుంది. స్టాపులు, టైములు ఆర్టీసీ దగ్గర ముందే రాసి ఉంటాయి. షేర్ ఆటోకు ఆ రాత లేదు. సీట్లు నిండితే కదులుతుంది, చెయ్యెత్తిన చోట ఆగుతుంది. దారంతా డ్రైవర్ల నోట్లోనే ఉంది.

కెన్యాలోని నైరోబీలోనూ ఇదే చిక్కు. అక్కడ జనం ఎక్కేది మటాటూలనే ప్రైవేటు వ్యాన్లు. నైరోబీ యూనివర్సిటీ విద్యార్థులు ఫోన్లు పట్టుకుని వాటిలో తిరిగారు. ఆగిన ప్రతిచోటా జీపీఎస్‌తో గుర్తు పెట్టుకున్నారు. అమెరికాలోని ఎంఐటీ, కొలంబియా యూనివర్సిటీల వాళ్లు తోడయ్యారు. 130కి పైగా రూట్లతో 2014లో రంగుల మ్యాప్ తయారైంది. ఆ సమాచారం ఎవరైనా వాడుకునేలా వదిలేశారు. 2015లో గూగుల్ మ్యాప్స్‌లోకి ఎక్కింది.

మన ఊరు అంత పెద్దది కాదు, మీరు నలుగురు స్నేహితులు చాలు. గడియారం సెంటర్ నుంచి మొదలుపెట్టండి. కాలేజీ ఉన్న రోజుల్లోనే తిరగండి, ఆదివారం లెక్క వేరు. ముందు డ్రైవర్లతో మాట్లాడండి. దారులు రాసుకుంటుంటే చలాన్ల కోసమేమోనని భయపడతారు, ఎందుకో చెబితే వాళ్లే సాయం చేస్తారు. బోర్డు మీద ఏముందో వదిలేసి, డ్రైవర్ కేకవేసే పేరే రాయండి. ఎంతసేపటికి ఒకటి వస్తుందో, రాత్రి ఆఖరి ఆటో ఎప్పుడో తప్పక రాయండి. ఆడపిల్లలకు ఆ ఆఖరి ఆటో సంగతే అన్నిటికన్నా ముఖ్యం. ఇదంతా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా వివరాలు చేర్చగలిగే ఇంటర్నెట్ మ్యాప్‌లో పైసా ఖర్చు లేకుండా మీరే ఎక్కించవచ్చు.

ఒక కాపీ పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి, ఎంక్వైరీ కిటికీ పక్కన అంటించడానికి అనుమతి అడగండి. దవఖానకొచ్చే ముసలమ్మ చేతిలో బటన్ ఫోనే ఉంటుంది.