ఒకే పనికి మూడు సిస్టమ్ కాల్స్ ఎందుకు?

ప్రశ్న: లినక్స్‌లో డూప్, డూప్2, డూప్3 అని మూడు సిస్టమ్ కాల్స్ కనిపిస్తున్నాయి. మొదటే ఆలోచించి రాసి ఉంటే ఒకటి సరిపోయేది కదా? నేను ప్రాజెక్టు కోసం ఒక డ్రైవర్ రాస్తున్నాను. ఇలాంటి పొరపాటు నా చేతుల మీదుగా జరగకుండా ఏం చూసుకోవాలి?
- ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని

జవాబు: సిస్టమ్ కాల్ అంటే ప్రోగ్రాము కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగాన్ని, ఒక పని అడిగే పిలుపు. డూప్ ఒక ఫైల్ డిస్క్రిప్టర్‌కు (తెరిచిన ఫైలుకు కెర్నల్ ఇచ్చే నంబరుకు) నకలు తీసి, ఖాళీగా ఉన్న అతి చిన్న నంబరును ఇస్తుంది. ఏ నంబరు కావాలో మనమే చెప్పుకోవడానికి డూప్2 ఉంది. ఈ రెండూ పాత యూనిక్స్ నుంచి వచ్చినవే. 2008లో 2.6.27 కెర్నల్‌తో వచ్చిన డూప్3లో ముఖ్యమైన అదనం ఒక్కటే, ఫ్లాగ్స్ అనే ఆర్గ్యుమెంటు, అంటే ఒక్కో బిట్టుతో ఒక్కో ఎంపికను చెప్పే సంఖ్య.

దాని అవసరం థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనుల) వల్ల వచ్చింది. ఒక థ్రెడ్ డూప్2తో నకలు తీసి, ఎగ్జెక్ (ప్రాసెస్‌లో వేరే ప్రోగ్రామును మొదలుపెట్టే కాల్) సమయంలో అది మూసుకుపోవాలని, డిస్క్రిప్టర్ లక్షణాలు మార్చే ఎఫ్‌సీఎన్‌టీఎల్ ద్వారా చెప్పేలోపే, మరో థ్రెడ్ ఫోర్క్ చేసి (ప్రాసెస్‌కు నకలు సృష్టించి) వేరే ప్రోగ్రామును ఎగ్జెక్ చేస్తే, ఆ డిస్క్రిప్టర్ సంబంధం లేని ప్రోగ్రాము చేతికి చిక్కుతుంది. లాక్ పెట్టుకున్నా లాభం లేదు, ఎందుకంటే ఫోర్క్ చేసేది మనం రాయని లైబ్రరీ కావచ్చు. నకలు తీయడం, గుర్తు పెట్టడం కెర్నల్ ఒకే అడుగులో చేయాల్సిందే. పైప్ కాల్‌కు ఫ్లాగ్స్ చేర్చిన పైప్2 కూడా అదే విడుదలలో, అదే కారణంతో వచ్చింది.

ఫైలు తెరిచే ఓపెన్ కాల్‌కు మొదటి నుంచీ ఫ్లాగ్స్ ఉన్నాయి కాబట్టి, ఎగ్జెక్ సమయంలో మూసెయ్యమని చెప్పే ఓ_క్లోఎగ్జెక్ అనే బిట్టు చేరిస్తే సరిపోయింది. అయితే ఓపెన్‌లో ఇంకా లోతైన లోపం ఉంది, నా దృష్టిలో మీరు గట్టిగా పట్టుకోవలసింది దీన్నే. ఓపెన్ తనకు తెలియని బిట్లను తిరస్కరించకుండా వదిలేస్తుంది. అందువల్ల కొత్త ఫ్లాగుతో రాసిన ప్రోగ్రామును పాత కెర్నల్ మీద నడిపితే, అడిగిన రక్షణ అందకపోయినా కాల్ విజయవంతమైనట్టే తిరిగొస్తుంది. ఇప్పుడు తిరస్కరించడం మొదలుపెడదామా అంటే, ఇన్నేళ్లుగా చెత్త బిట్లు పంపుతూ కూడా పనిచేస్తున్న ప్రోగ్రాములు ఆగిపోతాయి. లినక్స్ అందుకు ఒప్పుకోదు, అది సరైన పట్టుదలే. ఈ చిక్కు తీరడానికి 2020లో 5.6 కెర్నల్‌తో ఓపెన్‌యాట్2 రావలసి వచ్చింది. తెలియని ఫ్లాగు కనిపిస్తే అది ఈఇన్వాల్ (ఆర్గ్యుమెంటు చెల్లదు) అనే ఎర్రర్ చెప్పి ఆపేస్తుంది. ఆర్గ్యుమెంట్లను ఒక స్ట్రక్చర్‌లో, దాని సైజుతో సహా తీసుకుంటుంది. ప్రోగ్రాము పంపిన స్ట్రక్చర్ చిన్నదైతే మిగతాది సున్నాలుగా భావిస్తుంది. పెద్దదై, ఆ అదనపు భాగంలో సున్నా కానిది ఉంటే ఈ2బిగ్ (మరీ పెద్దది) అనే ఎర్రర్ ఇస్తుంది.

మీ డ్రైవర్‌లో ఐఆక్టల్ (ప్రోగ్రాము డ్రైవర్‌కు ఆదేశాలు పంపే కాల్) కోసం రాసే ప్రతి స్ట్రక్చర్‌లో ఒక ఫ్లాగ్స్ ఫీల్డు ఉంచండి, ఇవాళ ఒక్క ఫ్లాగు కూడా లేకపోయినా సరే. అది సున్నా కాకపోతే మొదటి రోజు నుంచే ఈఇన్వాల్ ఇవ్వండి. ఫీల్డుల మధ్య కంపైలర్ వదిలే ఖాళీలను మీరే పేరు పెట్టి నింపండి. ఒక 32 బిట్ల ఫీల్డు తర్వాత 64 బిట్లది పెడితే, ఎక్స్86లో 32 బిట్ల ప్రోగ్రాముకు ఆ స్ట్రక్చర్ 12 బైట్లు, 64 బిట్ల కెర్నల్‌కు 16 బైట్లు. డ్రైవర్‌ను ఎవరికైనా ఇచ్చే ముందు అదే హెడర్‌తో రెండు రకాల ప్రోగ్రాములూ కంపైల్ చేసి, రెండింటిలోనూ సైజ్ఆఫ్ చెప్పే స్ట్రక్చర్ సైజు ఒకటేనో కాదో చూసుకోండి.