ఉద్యోగం చేస్తూ గ్రూప్-2కి లక్ష్యం ఎలా పెట్టుకోవాలి?

"ఈసారి ఎలాగైనా కొట్టాలి" అనేది కోరిక, లక్ష్యం కాదు. ర్యాంకు మన చేతిలో లేదు, రోజువారీ చదువు ఉంది. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. నాలుగో పేపరు పూర్తిగా తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీదే. హద్దులు స్పష్టంగా ఉన్న సిలబస్ కాబట్టి, ఉద్యోగస్తులు దాంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. "ఈ నెలాఖరుకు 1948 నుంచి 1970 దాకా పూర్తి, ప్రతి ఆదివారం ఒక పాత ప్రశ్నపత్రం" అని రాసుకోండి.

రోజుకు ఆరు గంటలని టైంటేబుల్ వేస్తే మూడో రోజుకే అటకెక్కుతుంది (నాదీ అంతే అయింది). పొద్దున్నే గంటన్నరతో మొదలుపెట్టండి. పిల్లల చదువు, పెళ్లిళ్లు, పేరంటాలు ఎవరు చూస్తారో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. లేకపోతే పుస్తకం ముందు కూర్చున్నా ఆ టెన్షన్ వదలదు. ఎన్ని ప్రయత్నాల తర్వాత ఆపాలో కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి.